ఫైల్లో 310, రిజిస్టరులో 311

(చెన్నై త్యాగరాయనగర్‌లో ఒక ఆదివారం ఉదయం, నగరంలో చదువుకుంటున్న తెలుగు పరిశోధక విద్యార్థుల ముందు పోషకాహార శాస్త్ర అధ్యాపకురాలు ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఫ్యాన్ల చప్పుడులో వెనక వరసలకి నా మాట అందకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

తాంబరం నుంచీ, పోరూరు నుంచీ, గిండీ హాస్టళ్ల నుంచీ ఆదివారం పొద్దున్నే బస్సులు పట్టుకుని వచ్చారు. మీరు ముందుగా రాసిచ్చిన ప్రశ్నలన్నీ రాత్రి కూర్చుని చదివాను. ముప్పావు భాగం ఒకే ప్రశ్న, డేటా విశ్లేషించడానికి ఏ సాఫ్ట్‌వేర్ అని. ఎస్‌పీఎస్‌ఎస్ నేర్చుకోవాలా, ఆర్ నేర్చుకోవాలా, పైథాన్ నేర్చుకోవాలా? దానికి జవాబు చెప్తాను, దాటవేయను. కానీ దానికి ముందు నా పీహెచ్‌డీలో జరిగింది ఒకటి చెప్పాలి. అది చెప్పకుండా జవాబు చెప్తే మీకు సాఫ్ట్‌వేర్ పేరు మాత్రమే మిగులుతుంది.

నాది నాయుడుపేట. గూడూరు లైన్లో రైలెక్కి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చినదాన్ని. నా పరిశోధన పులికాట్ సరస్సు చుట్టుపక్కల ఊళ్లలో. సగం ఊళ్లు తడ, సూళ్లూరుపేట వైపు. సగం పొన్నేరి వైపు. మనం పులికాట్ అంటాం, వాళ్లు పళవేర్కాడు అంటారు. ఒక గడపలో తెలుగు, పక్క గడపలో తమిళం. ఆడవాళ్లకి రక్తహీనత ఎంత ఉంది, మూడు నెలలు ఐరన్ మాత్రలు వేసుకున్నాక హిమోగ్లోబిన్ ఎంత పెరిగింది, ఇదీ నేను చూసింది. మాత్రలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, వేలికొస నుంచి రక్తపు చుక్క తీసి కొలిచాం. ఎనిమిది నెలలు తిరిగాను. మూడు లావుపాటి రిజిస్టర్లు నిండాయి. ప్రతి ఆమెకూ ఒక నంబరు.

అంతా అయ్యాక ఎక్సెల్‌లో ఎక్కించుకున్నాను. తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. ఎమ్మెస్సీలో స్టాటిస్టిక్స్ పేపర్ పాసయ్యాను, మంచి మార్కులే. పరీక్షలో పది సంఖ్యలిచ్చి టి-టెస్ట్, అంటే రెండు సగటుల మధ్య తేడా నిజమైనదా, ఊరికే వచ్చిందా అని చూసే లెక్క, చెయ్యమంటే చేస్తాను. నా ముందున్న ఫైలు చూస్తే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కాలేదు. అప్పట్లో థీసిస్ టైపింగు, బైండింగు చేసే చోట్లే "అనాలిసిస్ కూడా చేసిస్తాం" అనేవాళ్లు. ఇప్పటికీ అంటున్నారని మీ ముఖాలు చూస్తే తెలుస్తోంది. పెన్‌డ్రైవ్ ఇచ్చి వచ్చాను. 8,000 రూపాయలు. నా ఫెలోషిప్‌లో అది పెద్ద మొత్తం. వారంలో నలభై పేజీల ప్రింటవుట్ వచ్చింది, రంగు రంగుల బొమ్మలతో. నాకు ప్రాణం లేచొచ్చింది.

డాక్టొరల్ కమిటీ ముందు కూర్చున్నాను. అందులో ఒక పెద్దాయన, ప్రొఫెసర్, మూడో టేబుల్ మీద వేలు పెట్టి ఎంతో మెల్లగా అడిగారు: "అమ్మా, ఇక్కడ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 618 అని ఉంది. నువ్వు కలిసింది మూడు వందల పైచిలుకు మందినే కదా. ఈ 618 ఎక్కడిది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ టేబుల్ కింద నా పేరు ఉంది, ఆ సంఖ్య నాది కాదు.

ఆ 618 సంగతి ఇప్పుడు చెప్తాను, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడమంటే ఏమిటో ఆ ఒక్క సంఖ్యలోనే ఉంది. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటే, టెస్ట్ వెనక ఎన్ని స్వతంత్ర కొలతలు ఉన్నాయో చూపే సంఖ్య. ఫైల్లో 310 మంది ఉన్నారు. ఒక్కొక్కరికి రెండు కొలతలు, ముందూ తర్వాతా. చేసిచ్చినాయన ఆ రెండు కాలమ్‌లనీ రెండు వేర్వేరు గుంపులు అనుకున్నాడు. 310 మంది ఒక గుంపు, వేరే 310 మంది ఇంకో గుంపు. అలాంటప్పుడు వాడే టి-టెస్ట్‌లో రెండు గుంపుల సంఖ్యలు కలిపి రెండు తీసేస్తారు. 620లో రెండు పోతే 618. అంటే ఆ టేబుల్ ప్రకారం నేను 620 మంది ఆడవాళ్లని కలిశాను. నిజానికి వాళ్లే వీళ్లు. జతల టి-టెస్ట్, పెయిర్డ్ అంటాం కదా, అది చేసి ఉంటే 310లో ఒకటి పోయి 309 రావాలి.

ఇది సంఖ్య రాయడంలో పొరపాటు మాత్రమే అనుకుంటున్నారేమో. బోర్డు మీద చూపిస్తాను. ఐదుగురు ఆడవాళ్లు అనుకుందాం. మాత్రలకు ముందు హిమోగ్లోబిన్ 9, 10, 11, 12, 8. తర్వాత అదే వరసలో 9.6, 10.5, 11.7, 12.5, 8.7. చూడండి, ఐదుగురిలో ఐదుగురికీ పెరిగింది. ముందు సగటు 10, తర్వాత సగటు 10.6. ఇప్పుడు వీళ్లని పదిమంది వేర్వేరు మనుషులు అనుకుని టెస్ట్ చేస్తే టి విలువ 0.61 వస్తుంది, పి-విలువ, అంటే అసలు తేడా లేకపోయినా ఇంత తేడా ఊరికే కనపడే అవకాశం, 0.56 దగ్గర. "తేడా ఏమీ లేదు, మాత్రలు పనిచెయ్యలేదు" అని రాసేస్తారు. అదే జతలుగా, ఎవరి తేడా వాళ్లదిగా తీసుకోండి. 0.6, 0.5, 0.7, 0.5, 0.7. టి విలువ 13.4. పి-విలువ 0.001 కంటే తక్కువ. సంఖ్యలు అవే. సాఫ్ట్‌వేర్ అదే. ఫలితం తలకిందులు.

ఎందుకలా? ఇంట్లో పిల్లల ఎత్తు కొలవడానికి గుమ్మం పక్కన గోడ మీద పెన్సిల్‌తో గీత గీస్తారు గుర్తుందా? పెద్దవాడి గీత పైన, చిన్నదాని గీత కింద. ఏడాది తర్వాత పిల్లలు ఎదిగారా లేదా చూడాలంటే ఎవరి గీతతో వాళ్లని పోలుస్తాం. అందరి పాత గీతలూ ఒక మూటలో, కొత్త గీతలు ఇంకో మూటలో పోసి పోలిస్తే, పెద్దవాడికీ చిన్నదానికీ మధ్య ఉన్న అడుగున్నర తేడాలో ఆ ఏడాది ఎదిగిన రెండంగుళాలు మునిగిపోతాయి. నా ఊళ్లలోనూ అంతే. ఒకామెకి 8 ఉంటే ఇంకొకామెకి 12. ఆ తేడాల్లో మాత్ర తెచ్చిన 0.6 కనపడదు.

(జతల టెస్ట్ చేసినంత మాత్రాన పెరుగుదల మాత్రల వల్లే అని తేలిపోదు. మాత్రలు వేసుకోని గుంపు ఒకటి పక్కన ఉండాలి. అది పరిశోధన రూపకల్పన సంగతి, ఇంకో రోజు మాట్లాడుకుందాం.)

ఎస్‌పీఎస్‌ఎస్ మెనూలో ఈ రెండు టెస్టులూ ఒకే జాబితాలో ఉంటాయి. ఇండిపెండెంట్ శాంపుల్స్ అని ఒకటి, పెయిర్డ్ శాంపుల్స్ అని ఒకటి. ఆర్‌లో అయితే రెండింటికీ ఒకటే కమాండ్, చివర పెయిర్డ్ ఈక్వల్స్ ట్రూ అని చేర్చడమే తేడా. నొక్కడం ఎవరికైనా అరనిమిషం పని. ఏది నొక్కాలో తెలియాలంటే మాత్రం ముందు కొలిచిన చెయ్యీ తర్వాత కొలిచిన చెయ్యీ ఒకే మనిషివని తెలిసుండాలి. అది ఆ షాపాయనకి ఎలా తెలుస్తుంది? నేను చెప్పలేదు. అడగాలని ఆయనకి తట్టలేదు. ఆయనకి స్టాటిస్టిక్స్ నాకంటే ఎక్కువే తెలుసు. పులికాట్ తెలియదు, అంతే.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే. డేటా సేకరించిన మనిషే దాన్ని విశ్లేషించాలి. స్టాటిస్టీషియన్ సలహా తీసుకోండి, తప్పకుండా తీసుకోండి, పక్కన కూర్చోబెట్టుకోండి. కీబోర్డు మీద చెయ్యి మీదే ఉండాలి.

ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ అన్న ప్రశ్న.

ముందు ఇవి ఎక్కడినుంచి వచ్చాయో కొంచెం తెలిస్తే భయం పోతుంది. ఎస్‌పీఎస్‌ఎస్ 1968లో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టింది. నార్మన్ నై అని రాజనీతిశాస్త్రం చదివే విద్యార్థికి తన సర్వే డేటా చూసుకోవడానికి సరైన సాధనం లేక, మరో ఇద్దరితో కలిసి తయారు చేసుకున్నాడు. 2009లో దాన్ని ఐబీఎం కొనుక్కుంది. ఆర్ సంగతికొస్తే, న్యూజిలాండ్‌లో ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు అధ్యాపకులు తమ ల్యాబులో పిల్లలకి పాఠం చెప్పడానికి 1990ల మొదట్లో రాసుకున్నారు. బెల్ ల్యాబ్స్‌లో అంతకుముందే ఉన్న ఎస్ అనే భాష దానికి మూలం. ఇద్దరి పేర్లూ ఆర్ అక్షరంతోనే మొదలు కాబట్టి ఆ పేరు. పూర్తి స్థాయి మొదటి వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. మొదటినుంచీ ఉచితం, ఇప్పటికీ ఉచితం. ఒకటి విద్యార్థి అవసరంలోంచి, ఇంకోటి విద్యార్థుల కోసం. మీరు వీటిని చూసి జంకాల్సిన పని లేదు, ఇవి మీవే.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మీ డిపార్ట్‌మెంట్ ల్యాబులో ఎస్‌పీఎస్‌ఎస్ లైసెన్సు ఉంటే దానితోనే మొదలుపెట్టండి, తప్పేం లేదు. లేకపోతే దొంగ కాపీ వెతుక్కోకండి. వాటితో పాటు వైరస్ వచ్చి మూడేళ్ల డేటా పోగొట్టుకుని ఏడ్చిన పిల్లని నేను ఓదార్చాను. జమోవి అని ఒకటుంది, ఉచితం, ఎస్‌పీఎస్‌ఎస్ లాగే మెనూలతో పనిచేస్తుంది, లోపల నడిచేది ఆర్. జాస్ప్ అలాంటిదే. పీఎస్‌పీపీ ఇంకోటి. ఎకనామిక్స్ వాళ్లకి స్టాటా అలవాటు. మెషిన్ లెర్నింగ్ వైపు వెళ్లేవాళ్లు పైథాన్ ఎలాగూ నేర్చుకుంటారు. వీటిలో ఏది మంచిదని పోట్లాడుకుంటూ ఆరునెలలు గడిపేసినవాళ్లని చూశాను. మీ గైడుకీ, మీ ల్యాబులో సీనియర్లకీ ఏది వస్తే అది పట్టుకోండి. ఇరుక్కున్నప్పుడు రాత్రి పదింటికి తలుపు కొట్టి అడగడానికి ఒక మనిషి ఉండటం ముఖ్యం.

ఒక్క షరతు మాత్రం పెడతాను. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా, చేసిన ప్రతి పనీ రాతలో ఉండాలి. ఆర్‌లో అది స్క్రిప్టు. ఎస్‌పీఎస్‌ఎస్‌లో సింటాక్స్. ఎస్‌పీఎస్‌ఎస్ వాడేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. బాగా ఉన్నారు. టెస్ట్ ఎంచుకోగానే తెర మీద తెరుచుకునే ప్రతి డబ్బాలోనూ ఓకే పక్కన పేస్ట్ అని బటన్ ఉంటుంది. దాన్ని ఎప్పుడైనా నొక్కినవాళ్లు? ముగ్గురు. ఇవాళ్టి నుంచి ఓకే మానెయ్యండి, పేస్ట్ నొక్కండి. మీరు మౌస్‌తో ఎంచుకున్నదంతా వాక్యాలుగా ఒక ఫైల్లోకి వస్తుంది. అక్కడినుంచి రన్ చెయ్యండి. వాక్యానికి పైన మీ మాటల్లో, తెలుగులోనైనా సరే, ఎందుకు చేశారో ఒక లైను రాయండి. ఏడాదిన్నర తర్వాత పరీక్షకుడు "ఈ 12 మందిని ఎందుకు తీసేశారు" అని అడిగినప్పుడు మీ జ్ఞాపకం పనికిరాదు, ఆ లైను పనికొస్తుంది. అసలు ఫైలుని ఎప్పుడూ ముట్టుకోకండి. దాన్ని ఒక పక్కన అలాగే ఉంచి, మార్పులన్నీ స్క్రిప్టులోనే చెయ్యండి.

ఈ రాత విలువ చెప్పే కథ ఒకటుంది, అందులో నాయకుడు మీలాంటి విద్యార్థి. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అని పేరుమోసిన ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక పేపర్ రాశారు. దేశం అప్పు దాని జీడీపీలో 90 శాతం దాటితే ఆర్థిక వృద్ధి పడిపోతుందని, అలాంటి ఏడాదుల్లో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం అని. ప్రభుత్వాలు ఖర్చులు తగ్గించుకోవాలని వాదించినవాళ్లంతా ఆ పేపర్‌ని చూపించారు. మాసచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్‌హర్స్ట్‌లో థామస్ హెర్న్‌డన్ అనే పీహెచ్‌డీ విద్యార్థికి క్లాసులో ఒక అసైన్‌మెంట్. అచ్చయిన పేపర్ ఒకటి తీసుకుని, దాని లెక్కలు మళ్లీ చేసి చూడాలి. అతను దీన్ని తీసుకున్నాడు. ఎన్నిసార్లు చేసినా రాలేదు. తన తప్పేనేమో అనుకుని, చివరికి వాళ్లకే రాశాడు. వాళ్లు ఎక్సెల్ షీటు పంపారు. తెరిచి చూస్తే సగటు తీసిన ఫార్ములా 20 దేశాలకి బదులు 15 దేశాల వరసల మీదే ఆగిపోయింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ బయట ఉండిపోయాయి. కొన్ని ఏడాదుల డేటా వదిలెయ్యడం, దేశాల సగటులకి తూకం వేసిన తీరు, వీటి మీద కూడా అతనూ అతని ఆచార్యులూ అభ్యంతరాలు చెప్పారు. అన్నీ సరిచేస్తే మైనస్ 0.1 కాస్తా 2.2 శాతం అయింది. 2013లో బయటపెట్టారు. ఫార్ములా తప్పును రచయితలిద్దరూ ఒప్పుకున్నారు, తమ మూల వాదన మాత్రం నిలబడుతుందన్నారు. మూడేళ్లపాటు ఆ తప్పు ఎవరికీ కనపడకపోవడానికి కారణం ఏమిటంటే, ఎక్సెల్ ఫార్ములా గడి వెనక దాక్కుంటుంది. స్క్రిప్టు అయితే పుస్తకంలా పైనుంచి కిందికి చదువుకోవచ్చు.

ఎక్సెల్ గురించి ఇంకో మాట. డేటా ఎక్కించడానికి వాడండి, జాగ్రత్తగా. నా ప్రశ్నావళిలో "రోజుకు ఎన్నిసార్లు టీ తాగుతారు" అని ఉంది. అన్నంతో పాటు టీ తాగితే ఒంటికి ఇనుము సరిగా పట్టదు, అందుకు. చాలామంది "రెండు, మూడు సార్లు" అన్నారు. 2-3 అని కొట్టాను. ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని, మార్చి నెల 2వ తేదీ చేసుకుంది. లోపల తేదీని అది నలభై వేల పైచిలుకు సంఖ్యగా దాచుకుంటుంది. సగటు తీస్తే రోజుకు కొన్ని వేల టీలు. నాకు జరిగిందే జన్యుశాస్త్రజ్ఞులకీ జరిగింది. సెప్ట్2, మార్చ్1 అనే పేర్లున్న జన్యువులు ఎక్సెల్‌లో తేదీలు అయిపోతుంటే, విసిగిపోయి 2020లో జన్యువుల పేర్లే మార్చుకున్నారు. అందుకని ఎక్కించే ముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టుకోండి. ఇంకా మంచిది, ఒక గడిలో ఒకే సంఖ్య వచ్చేట్టు ప్రశ్న అడగండి.

కమిటీ అయ్యాక నేనేం చేశానో చెప్తాను. రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. మూడోరోజు నా రూమ్మేటు, మ్యాథ్స్ చదివేది, ఒంగోలు పిల్ల, ఆర్ ఇన్‌స్టాల్ చేసిచ్చింది. "అక్కా, ఏ కోర్సూ చెయ్యకు. నీ ఫైలే తెరువు. రోజుకొక్క ప్రశ్న అడుగు దాన్ని" అంది. ఆమె చెప్పినట్టే, షాపు నుంచి తిరిగొచ్చిన ఫైలు తెరిచాను. మొదటిరోజు ప్రశ్న, ఇందులో ఎంతమంది ఉన్నారు? వరసలు లెక్కపెట్టే కమాండ్ కొట్టాను. 310. రిజిస్టర్లు తీసి చూశాను. చివరి నంబరు 311.

ఒకరు తక్కువ. ఆ సంగతి చివర్లో చెప్తాను.

రెండోరోజు వయసుల బొమ్మ గీయించాను, హిస్టోగ్రామ్. 25 దగ్గర ఒక గుట్ట, 30 దగ్గర గుట్ట, 35, 40 దగ్గర గుట్టలు. మధ్యలో పల్లాలు. షాపాయన చూస్తే ఇదేదో వింత అనుకుంటాడు. నాకు చూడగానే ఆ అరుగులు గుర్తొచ్చాయి. వయసెంతమ్మా అంటే "పెద్ద గాలివాన ఏడు పుట్టానంట" అంటారు. లెక్కేసి, "ముప్పై రాసుకో తల్లీ" అంటారు. అందుకే గుట్టలు. కాబట్టి వయసుని ఒక్కో ఏడుగా వాడకూడదు, అయిదేళ్లో పదేళ్లో ఒక కట్టగా వాడాలి అని ఆ రోజు నేనే నిర్ణయించుకున్నాను. పరిశోధకురాలిగా నా మొదటి నిర్ణయం అదేనేమో.

మూడోరోజు సగటు అడిగాను. ఎన్ఏ అని వచ్చింది. జవాబు లేదు అని. కోపం వచ్చింది. తర్వాత అర్థమైంది, ఆ కాలమ్‌లో కొన్ని గడులు ఖాళీ. "ఇవి తెలియకుండా సగటు ఎలా చెప్పను? వదిలెయ్యమంటావా? అయితే ఆ మాట నోరు తెరిచి చెప్పు" అంటోంది ఆర్. ఎన్ఏ డాట్ ఆర్‌ఎమ్ ఈక్వల్స్ ట్రూ అని రాస్తేనే వదిలి లెక్కేస్తుంది. ఆర్‌లో నాకు బాగా నచ్చిన గుణం ఇది.

ఖాళీల దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. సర్వేల్లో జవాబు లేకపోతే 99 అని రాసే అలవాటు. నూరుమంది ఆడవాళ్లు అనుకోండి. 97 మంది హిమోగ్లోబిన్ సగటు 11. ముగ్గురు రక్తం ఇవ్వలేదు, వాళ్ల గడిలో 99 ఉంది. అది ఖాళీ అని సాఫ్ట్‌వేర్‌కి చెప్పడం మరిచిపోయారు. 97 ఇంటూ 11 అంటే 1067, మూడు 99లు 297, మొత్తం 1364. సగటు 13.64. గర్భం లేని ఆడవాళ్లకి 12 కంటే తక్కువైతే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత. 11 సగటుతో ఆ గీత కింద ఉన్న ఊరు, ముగ్గురి 99లతో గీత దాటేసి ఆరోగ్యంగా కూర్చుంది. ఆ నివేదిక చూసి ఎవరైనా ఆ ఊరికి మాత్రలు పంపుతారా? ఎస్‌పీఎస్‌ఎస్‌లో వేరియబుల్ వ్యూ అనే పేజీలో మిస్సింగ్ అని ఒక కాలమ్ ఉంది. 99ని అక్కడ నమోదు చెయ్యండి. ఆర్‌లో మొదటి లైన్లలోనే ఎన్ఏగా మార్చండి. తర్వాత అతి చిన్న విలువ, అతి పెద్ద విలువ ప్రింట్ చేసి కళ్లతో చూడండి.

ఆరు వారాలు పట్టింది నాకు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. ఎర్రర్ రాని రోజు లేదు. ఒక కామా కోసం రెండు గంటలు వెతికాను. మీరూ వెతుకుతారు. ఎర్రర్ మెసేజ్‌ని తిట్టులా తీసుకోకండి, చివరి లైను నిదానంగా చదవండి, చాలాసార్లు ఎక్కడ తప్పో అదే చెప్తుంది. ఇప్పుడు మీకు సదుపాయాలు ఎక్కువ. మన ఊళ్లోనే ఐఐటీ మద్రాసు నుంచి నడిచే ఎన్‌పీటెల్‌లో కోర్సులున్నాయి, ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో ఆర్ పాఠాలున్నాయి, అన్నీ ఉచితం. గదిలో కరెంటూ చోటూ లేకపోతే కోట్టూర్‌పురంలో అణ్ణా శతజయంతి గ్రంథాలయం ఉంది. పాఠం విన్న రోజే దాన్ని మీ ఫైలు మీద చేసి చూడండి. వాళ్లిచ్చే ఫైలు శుభ్రంగా ఉంటుంది. మీది ఉండదు.

ఇంకో అలవాటు గురించి చెప్పాలి. ల్యాబుల్లో వింటుంటాను, "పి వచ్చిందా?" అని. పి-విలువ 0.05 కంటే తగ్గిందా అని అర్థం. రాకపోతే ఇంకో టెస్ట్, ఇంకో గుంపు, ఇంకో వయసు కట్ట. మెనూ ఉంది కాబట్టి ఇరవై టెస్టులు పావుగంటలో అయిపోతాయి. అసలు ఏ తేడా లేని డేటాలో, ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై టెస్టులు 0.05 గీతతో చేస్తే, కనీసం ఒక్కటైనా ఊరికే "వచ్చే" అవకాశం 64 శాతం. ఆ ఒక్కటే థీసిస్‌లోకి ఎక్కి, తక్కిన పంతొమ్మిదీ చెత్తబుట్టలోకి పోతే, మనం రాసింది అబద్ధం. కావాలని ఆడకపోయినా అబద్ధమే. అందుకే డేటా తెరవకముందే ఏ ప్రశ్నకి ఏ టెస్ట్ అని కాగితం మీద రాసి, తేదీ వేసి, గైడు సంతకం తీసుకోండి.

[సభలోంచి ఒక అమ్మాయి: "మేడమ్, ఇప్పుడు ఏఐని అడిగితే కోడ్ మొత్తం అదే రాసిస్తోంది కదా. ఇంకా నేర్చుకోవాలా?"]

మంచి ప్రశ్న అమ్మా. వాడు. ఎర్రర్ అర్థం కానప్పుడు అడుగు, ఒక లైను ఏం చేస్తోందో అడుగు. నేనూ అడుగుతాను. రెండు హద్దులు పెట్టుకో. ఒకటి, నీ డేటా ఫైలు అందులోకి ఎక్కించకు. ఆ ఆడవాళ్లు వేలిముద్ర వేసింది నిన్ను నమ్మి. పేర్లూ ఫోన్ నంబర్లూ అసలు విశ్లేషణ ఫైల్లోనే ఉండకూడదు, నంబరు మాత్రమే ఉండాలి. రెండు, అది రాసిచ్చిన లైన్లలో నువ్వు వివరించలేనిది ఒక్కటి కూడా థీసిస్‌లోకి రాకూడదు. "ముందూ తర్వాతా కొలతలు పోల్చు" అని అడిగితే, ఆ రెండూ ఒకే మనుషులవని నువ్వు చెప్పకపోతే, దానికీ ఆ షాపాయనకీ తేడా ఏముంది? 618 మళ్లీ వస్తుంది. ఈసారి ఉచితంగా వస్తుంది.

ప్రపంచం మెచ్చిన స్టాటిస్టీషియన్ సి.ఆర్. రావుగారి గురించి మీలో స్టాటిస్టిక్స్ వాళ్లకి తెలిసే ఉంటుంది. 1920లో ఇప్పటి కర్ణాటకలో ఉన్న హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలో చదువుకున్నారు.  స్టాటిస్టిక్స్‌లో క్రామర్-రావు హద్దు అని ఒక సిద్ధాంతంగా చదువుకుంటాం ఆయన్ని. నాకు ఆయనలో ఎప్పుడూ గుర్తుండేది వేరే. 1946లో ఆయన్ని కేంబ్రిడ్జికి పంపింది సిద్ధాంతం చెయ్యడానికి కాదు. సూడాన్‌లో జెబెల్ మోయా అనే చోట తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతలు విశ్లేషించడానికి. కేంబ్రిడ్జి మ్యూజియంలో, కంప్యూటర్లు లేని కాలంలో, ఆ అస్థిపంజరాల లెక్కలు చేశారు. ఆధునిక స్టాటిస్టిక్స్‌కి పునాది వేసిన ఫిషర్ పర్యవేక్షణలో 1948లో అక్కడే డాక్టరేట్ తీసుకున్నారు. 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అంతటివారు ఎముకల కొలతల దగ్గర కూర్చున్నారు. మన ఫైలు మనం తెరవడానికి బరువెందుకు?

సరే, ఆ 311వ మనిషి.

నంబర్లు ఒక్కొక్కటీ పోల్చుకుంటూ వెళ్లాను. లేనిది 147. మూడో రిజిస్టరు కాదు, రెండోది. తడ దగ్గర ఊరు. ముందు కొలత 5.2, తర్వాత కొలత 9.4. షాపాయనకి ఫోన్ చేశాను. "మేడమ్, అది అవుట్‌లయర్, మిగతావాటికి మరీ దూరంగా ఉన్న విలువ, ఎంట్రీ తప్పు అయ్యుంటుంది, తీసేశాను" అన్నారు. టేబుల్ కింద ఎక్కడా ఆ మాట లేదు.

ఎంట్రీ తప్పు కాదు. ఆ రోజు నేనే కొలిచాను. మీటరు మీద 5.2 చూసి నమ్మలేక రెండో వేలు గుచ్చి మళ్లీ కొలిచాను, అదే వచ్చింది. గోడ పట్టుకుని నిలబడింది ఆమె. అంతకుముందు కూడా అలాగే చేపల బుట్ట మోసుకొచ్చింది. ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లాం, రక్తం ఎక్కించారు. పేజీ అంచున ఆ సంగతంతా పెన్సిల్‌తో రాసి ఉంది, నా చేతిరాతే.

మరి ఆమె వరస ఉంచాలా, తియ్యాలా? దీని మీద చాలా ఆలోచించాను. ఆమెకి హిమోగ్లోబిన్ పెరిగింది ఎక్కించిన రక్తం వల్ల, మాత్రల వల్ల అని చెప్పలేను. కాబట్టి మాత్రల ప్రభావం లెక్కలో ఆమెని కలపకూడదు. ఊళ్లలో రక్తహీనత ఎంత తీవ్రంగా ఉందో చెప్పే లెక్కలో మాత్రం ఆమె ఉండి తీరాలి, మొదటి కొలతతో. చివరికి అలాగే చేశాను. రక్తహీనత టేబుల్లో 311. మాత్రల టేబుల్లో 310, కింద రెండు వాక్యాల్లో కారణం. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 309. షాపాయనా ఆమెని తీసేశాడు, ఒక టేబుల్లో నేనూ తీసేశాను. నా స్క్రిప్టులో ఆ చోట ఒక లైను ఉంది, ఇప్పటికీ ఉంది: "147. రక్తం ఎక్కించారు. రెండో రిజిస్టరు, పెన్సిల్ రాత చూడు."

మళ్లీ కమిటీలో ఆ పెద్దాయన అదే టేబుల్ మీద వేలు పెట్టారు. ఈసారి ఆయన అడగకముందే చెప్పడం మొదలుపెట్టాను.

టీ వచ్చినట్టుంది. తాగి వచ్చాక లాప్‌టాప్‌లు తెరవండి. రిజిస్టరు తెచ్చుకున్నవాళ్లు పక్కన పెట్టుకోండి, తేనివాళ్లు ఫోన్లో ఫొటోలైనా తీసి ఉంచండి. ముందు వరసలు లెక్కపెడదాం.